రోగుల ఫోన్లూ, రిపోర్టుల కంప్యూటరూ ఒకే వైఫైలో ఉండొచ్చా?

ప్రశ్న: మా ఊళ్లో చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాను. రిసెప్షన్‌లో, బిల్లింగ్‌లో, రిపోర్టుల గదిలో కలిపి నాలుగు కంప్యూటర్లున్నాయి. బ్లడ్ సెల్ కౌంటర్ మిషన్‌కు జతగా కంపెనీవాళ్లిచ్చిన పాత విండోస్ 7 కంప్యూటర్ ఒకటి, ఒక ప్రింటర్, ఎనిమిది కెమెరాల డీవీఆర్ కూడా ఉన్నాయి. మేడ మీద మా ఇల్లు. అన్నిటికీ ఒకటే ఫైబర్ కనెక్షన్. వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్లు అడుగుతున్నారని మూడు నెలల కిందట ఇంకో వైఫై రౌటర్ పెట్టించాం. అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక కంప్యూటర్‌కు నెట్ పోతోంది. ఒక్కోసారి ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వస్తోంది. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే సర్దుకుంటోంది. ఈ మధ్య తెలిసినవాళ్ల ల్యాబ్‌లో ఫైళ్లన్నీ లాక్ అయిపోయి, తెరవాలంటే డబ్బు కట్టమన్నారట. మా నెట్‌వర్క్ చూసే అబ్బాయి మంచి యాంటీవైరస్ కొంటే చాలంటున్నాడు. అసలు నెట్‌వర్క్ అంటే ఏమిటో, నేను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. – ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ముందు మీ సాయంత్రపు గొడవ సంగతి తేలుద్దాం. అది అర్థమైతే నెట్‌వర్క్ అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

నెట్ వాడే ప్రతి పరికరానికీ ఒక చిరునామా ఉండాలి. అదే ఐపీ అడ్రస్, 192.168.1.25 లాంటిది. 192.168తో మొదలయ్యేవీ, 10తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవీ ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికని విడిగా ఉంచిన చిరునామాలు. 1996 నుంచి ప్రపంచమంతా ఇదే ఏర్పాటు. అందుకే మీ ల్యాబ్‌లో 192.168.1.25 ఉన్నా, పక్కవీధి మెడికల్ షాపులో అదే నంబరు ఉన్నా ఇబ్బంది లేదు. ఇవి చేత్తో రాసి పెట్టనక్కర్లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే ‘నాకు చిరునామా ఎవరిస్తారు’ అని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా కేకేస్తుంది. రౌటర్‌లో ఉండే డీహెచ్‌సీపీ అనే విభాగం ఆ కేక విని మూడు సంగతులు చెబుతుంది: నీ చిరునామా ఇది, బయటికి పోవాలంటే ఈ గుమ్మం, వెబ్‌సైట్ పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టేది ఫలానావాళ్లు. ఆ గుమ్మం పేరు గేట్‌వే, పేర్లు వెతికిపెట్టే ఏర్పాటు డీఎన్‌ఎస్. చిరునామాను అద్దె ఇంటిలా గడువు పెట్టి ఇస్తుంది. చాలా రౌటర్లలో ఆ గడువు 24 గంటలు.

ఒక నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచేవాడు ఒక్కడే ఉండాలి. మీ వెయిటింగ్ హాల్ రౌటర్ వచ్చాక ఇద్దరయ్యారేమోనని అనుమానం. ఫైబర్ బాక్స్ నుంచి వచ్చిన కేబుల్‌ను కొత్త రౌటర్ వెనక ఒకే రంగులో ఉండే మామూలు సాకెట్లలో గుచ్చి, దానిలోని డీహెచ్‌సీపీని ఆపకుండా వదిలేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. కంప్యూటర్ వేసిన కేకకు ఇద్దరూ పలుకుతారు. ఎవరు ముందు పలికితే వారి మాటే చెల్లుతుంది. కొత్త రౌటర్ ముందు పలికిన రోజున కంప్యూటర్‌కు తప్పు గుమ్మం చూపిస్తుంది, ఆ గుమ్మం వెనక ఇంటర్నెట్ లేదు.

ఊహించుకోనక్కర్లేదు, చూసి తేల్చుకోవచ్చు. నెట్ పోయిన కంప్యూటర్‌ను కదపకుండా, రౌటర్ ఆపకుండా, విండోస్ సెర్చ్‌లో సీఎండీ (cmd) అని కొడితే నల్ల తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఒకే మాటగా, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. గేట్‌వే ఎదురుగా మీ ఫైబర్ బాక్స్ చిరునామా ఉండాలి, చాలామటుకు అది 192.168.1.1. దానికి బదులు 192.168.0.1 లాంటి వేరే అంకె కనిపిస్తే రెండో రౌటర్ దొరికిపోయినట్టే. చిరునామా 169.254తో మొదలైతే కారణం వేరు: కేకకు ఎవరూ పలకలేదు, కంప్యూటర్ తనకు తానే ఓ నంబరు పెట్టుకుంది. దారిలో రౌటర్ వైపు కేబుల్ ఊడినా ఇలాగే రావచ్చు గానీ, సాయంత్రం వేళల్లోనే వస్తుంటే చిరునామాలు అయిపోయి ఉండొచ్చు. రౌటర్ దగ్గర వంద చిరునామాలే ఉండి, పొద్దున్నుంచి వచ్చిన ప్రతి రోగి ఫోనూ, వెంట వచ్చినవాళ్ల ఫోన్లూ ఒక్కోటి తీసుకుంటే, వాళ్లు వెళ్లిపోయినా అవి రేపటిదాకా వాళ్ల పేరనే ఉంటాయి.

ఇక కాన్‌ఫ్లిక్ట్ మెసేజ్. రెండు పరికరాలు ఒకే చిరునామా పెట్టుకున్నప్పుడు వస్తుంది. మీరు రౌటర్ ఆపి వేయడమే దీనికి ఒక కారణం కావచ్చు. చాలా చిన్న రౌటర్లు ఎవరికి ఏ చిరునామా ఇచ్చాయన్న పద్దు కరెంటు పోగానే మరిచిపోతాయి. తిరిగి లేచాక, అప్పటికే ఒకరి దగ్గరున్న చిరునామాను ఇంకొకరికి ఇవ్వగలవు. ఆ కాసేపటికి బాగున్నట్టు కనిపించి, మర్నాడు అదే రోగం తిరగబెడుతుంది. రెండో కారణం ప్రింటర్. దానికి ఎవరో చేత్తో ఒక స్థిరమైన చిరునామా పెట్టి ఉంటారు, అది రౌటర్ పంచే అంకెల మధ్యలోనే ఉంటే ఏదో ఒకరోజు రౌటర్ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. రౌటర్‌లో పంచే అంకెలను 100 నుంచి 199 దాకా పెట్టి, ప్రింటర్‌కు 20 లాంటి బయటి అంకె ఇస్తే ఈ తగువు తీరిపోతుంది.

ఇదంతా సర్దితే నెట్ నిలకడగా వస్తుంది. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నెట్ పోవడం కన్నా ఎక్కువ భయపెట్టిన సంగతి ఇంకోటుంది. వెయిటింగ్ హాల్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి ఫోను, మీ రిపోర్టుల కంప్యూటరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి.

కంప్యూటర్ల కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టెను స్విచ్ అంటారు. ఆ స్విచ్ గానీ, రౌటర్ లోపలి వైపు గానీ కాపలా కాయవు. లోపలున్న ఎవరు ఎవరితో మాట్లాడతానన్నా కలిపి పెట్టడమే వాటి పని. రౌటర్ కాపలా అంతా బయటి ఇంటర్నెట్ వైపే: లోపలివాళ్లు అడిగినదానికి వచ్చిన జవాబును రానిస్తుంది, అడగకుండా వచ్చినదాన్ని ఆపేస్తుంది. లోపలికి ఒకసారి ఏదైనా చేరాక దాన్ని అడిగేవాళ్లు లేరు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది ఈ దారినే. విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే 445వ నంబరు పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో పనికి ఉండే నంబరు ద్వారం) గుండా, ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే, ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు పాకింది. బ్రిటన్‌లో ఎన్నో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పని ఆగిపోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు పోయారు. ఇప్పుడు మీ మిషన్ పక్కనున్న విండోస్ 7 కంప్యూటర్‌ను గుర్తుచేసుకోండి. దానికి మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి.

కాబట్టి మీరు చేయాల్సిన పెద్ద పని విడదీయడం. ఎవరు ఎవరితో మాట్లాడాలో ఒక కాగితం మీద రాసుకోండి. బిల్లింగ్ కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడాలి. మిషన్ కంప్యూటర్ రిపోర్టుల కంప్యూటర్‌తో మాట్లాడాలి. రోగుల ఫోన్లు ఇంటర్నెట్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడనక్కర్లేదు. డీవీఆర్‌కు మీ బిల్లింగ్‌తో పనే లేదు. మేడ మీద పిల్లల ట్యాబ్‌కు ల్యాబ్‌తో పని లేదు.

దీన్ని మీ దగ్గరున్న సామానుతోనే చేయొచ్చు. అయితే ఇక్కడే చాలామంది తలకిందులుగా చేస్తారు. వచ్చేపోయేవాళ్లకు రెండో రౌటర్ ఇచ్చేశాం, కాబట్టి వేరుపడ్డారు అనుకుంటారు. రౌటర్ తన లోపలివాళ్లను బయటివైపు పోనిస్తుంది, బయటివాళ్లను లోపలికి రానివ్వదు. రెండో రౌటర్‌ను మొదటిదానికి తగిలిస్తే, రెండోదానికి మొదటిదాని నెట్‌వర్కే ‘బయట’. అంటే రెండో రౌటర్‌లో ఉన్న రోగి ఫోను, మొదటిదానిలో ఉన్న మీ ల్యాబ్ కంప్యూటర్లను నిక్షేపంగా చేరగలదు. ల్యాబ్ వైపు నుంచి మాత్రం ఆ ఫోను కనపడదు. మనకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. గర్భగుడి లోపల ఉంటుంది, మండపం బయట ఉంటుంది. ల్యాబ్ లోపలి రౌటర్‌లో, అతిథులు బయటి ఫైబర్ బాక్స్‌లో ఉండాలి.

వెయిటింగ్ హాల్ రౌటర్‌ను తీసుకొచ్చి రిపోర్టుల గదిలో పెట్టండి. దాని వెనక వేరే రంగులో ఒక సాకెట్ ఉంటుంది, వాన్ అనో ఇంటర్నెట్ అనో రాసి ఉంటుంది. ఫైబర్ బాక్స్ నుంచి వచ్చే కేబుల్ అందులోకే వెళ్లాలి. ఈ లోపలి రౌటర్ సెట్టింగ్స్‌లో దాని సొంత చిరునామాను 192.168.50.1గా మార్చండి. బయటా లోపలా 192.168.1 అనే పెడితే, ఒక చిరునామా ఏ వైపుదో రౌటర్‌కు తెలియక నెట్ నడవదు. నాలుగు కంప్యూటర్లు, మిషన్ కంప్యూటర్, ప్రింటర్ ఈ రౌటర్‌కో, దాని నుంచి వచ్చే స్విచ్‌కో తగిలించాలి. చోటు ఉంటే వైర్‌తోనే తగిలించండి, ల్యాబ్‌కు వైఫై లేకపోయినా నష్టం లేదు. ఫైబర్ బాక్స్ మామూలు వైఫై మీ ఇంటికి వాడుకోండి. రోగులకు అదే బాక్స్‌లోని గెస్ట్ వైఫై ఆన్ చేయండి. డీవీఆర్ కేబుల్‌ను నేరుగా ఫైబర్ బాక్స్‌కు తగిలించండి. మీవి కోయాక్సియల్ కేబుల్ కెమెరాలైతే అవి డీవీఆర్‌కే పోతాయి, నెట్‌వర్క్ మీద వాటి భారం పడదు. రెండు రౌటర్లు దాటి పోవడం వల్ల బ్రౌజింగ్‌కు, వాట్సాప్‌లో రిపోర్టులు పంపడానికి ఏ ఆటంకమూ ఉండదు.

ఈ ఏర్పాటు ఎక్కడ చెడిపోతుందో ముందే చెప్పుకుంటే మంచిది. ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి, నెట్ స్లోగా ఉందని స్విచ్ నుంచి ఫైబర్ బాక్స్‌కు ఇంకో కేబుల్ వేస్తారు. ఆ ఒక్క కేబుల్‌తో గోడ కూలిపోతుంది, చిరునామాలు పంచేవాళ్లు మళ్లీ ఇద్దరవుతారు. ల్యాబ్ కేబుళ్ల రెండు కొసలకూ ఎర్ర టేప్, మిగతావాటికి నీలం టేప్ చుట్టి, ఎర్రదీ నీలందీ ఒకే పెట్టెలో కలపకూడదని స్విచ్ మీద తెలుగులో రాసి అంటించండి. ఎర్ర, నీలం కలిసేది ఒక్క చోటే, లోపలి రౌటర్ దగ్గర. రెండోది ఐపీవీ6, అంటే కొత్త తరం ఐపీ చిరునామాల పద్ధతి. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి ఇది వస్తోంది. లోపలి రౌటర్‌లో ఐపీవీ6ను పాస్‌త్రూ అనే పద్ధతిలో పెడితే, మనం కట్టిన గోడ పక్కనుంచి ఒక సందు తెరిచినట్టే. లోపలి రౌటర్‌లో దాన్ని ఆపేయండి. ల్యాబ్ పనులేవీ ఆగవు.

గెస్ట్ వైఫై అన్న పేరుండగానే నమ్మొద్దు. కొన్ని బాక్సుల్లో అది పేరు మాత్రమే మార్చి, లోపల అంతా కలిపే ఉంచుతుంది. ఒక ఫోనును గెస్ట్ వైఫైలో పెట్టి, మొబైల్ డేటా ఆపి, బ్రౌజర్‌లో ప్రింటర్ చిరునామా, డీవీఆర్ చిరునామా, 192.168.1.1 ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూడండి. మూడూ తెరుచుకోకూడదు. ప్రింటర్ తెరుచుకుంటే లోపలి రౌటర్ తగిలించిన తీరు తప్పు. డీవీఆర్ పేజీ తెరుచుకుంటే గెస్ట్‌ను విడదీసే ఐసొలేషన్ సెట్టింగ్ ఆన్ కాలేదు, లేదా ఆ బాక్స్‌కు ఆ సత్తా లేదు. అలాంటప్పుడు వీలాన్‌లు చేయగల రౌటర్, మేనేజ్డ్ స్విచ్ కొనాలి. ఒకే స్విచ్‌ను లోపల గోడలు కట్టి మూడు స్విచ్‌లుగా వాడుకోవడమే వీలాన్. అది పెట్టడానికి తెలిసిన మనిషి కావాలి. మీ పరిమాణానికి మొదటి పద్ధతే చాలు, గెస్ట్ పరీక్ష నెగ్గితే.

మిషన్ కంప్యూటర్ సంగతి విడిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ నెట్‌వర్క్‌లో అన్నిటికన్నా బలహీనమైనది అదే. కంపెనీవాళ్లు విండోస్ మార్చొద్దంటారు, వాళ్ల సాఫ్ట్‌వేర్ కొత్తదానిలో నడవకపోవచ్చు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. అయితే దానికి ఇంటర్నెట్ ఎందుకు? ముందు మిషన్ వెనక చూడండి. తొమ్మిది సూదుల సీరియల్ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలి ఉండి, రిపోర్టులు కూడా ఆ కంప్యూటర్‌లోనే ప్రింట్ అవుతుంటే, దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, కథ అక్కడితో తీరిపోతుంది. ఫలితాలు రిపోర్టుల కంప్యూటర్‌కు వెళ్లాల్సి ఉంటే చేత్తో చిరునామా ఇవ్వండి: ఐపీ 192.168.50.30, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే, డీఎన్‌ఎస్ గడులు రెండూ ఖాళీగా వదిలేయండి. గుమ్మం ఎక్కడో తెలియని కంప్యూటర్ పక్క గదితో మాట్లాడగలదు గానీ వీధిలోకి పోలేదు. పైగా దాని విండోస్ ఫైర్‌వాల్ ఆన్ చేసి, రిపోర్టుల కంప్యూటర్ చిరునామా ఒక్కదానికే అనుమతి ఇవ్వండి.

సర్వీస్ ఇంజినీర్ దూరం నుంచి చూడాలన్నప్పుడు గేట్‌వే గడిలో 192.168.50.1, డీఎన్‌ఎస్ గడిలో కూడా అదే రాసి, పని అయ్యేదాకా మీ మనిషి పక్కనే కూర్చుని, అయ్యాక రెండూ చెరిపేయాలి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ లాంటివి ఎప్పుడూ తెరిచి ఉంచే శాశ్వత పాస్‌వర్డ్‌తో వదిలేయడం ల్యాబుల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో మామూలైపోయింది. ఆ పాస్‌వర్డ్ తీసేయించండి. యాంటీవైరస్ వేయొద్దని కంపెనీవాళ్లంటే, ఫలితాలు రాసే ఫోల్డర్లను స్కాన్ నుంచి మినహాయించి వేయొచ్చేమో అడగండి. మిషన్ రాస్తున్న ఫైలును మధ్యలో పట్టుకుంటే ఫలితం ఆగిపోతుందని వాళ్ల భయం. ఇక పెన్‌డ్రైవ్‌లు. నెట్ పీకేసిన కంప్యూటర్‌కు రోగం వచ్చే దారి అదే. ఆ కంప్యూటర్‌కు విడిగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్ని ఇంకెక్కడా వాడకండి.

డీవీఆర్ కూడా ఒక కంప్యూటరేనని మరిచిపోతుంటాం. 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్లను, కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. దాని దగ్గరున్న ఆయుధం ఫ్యాక్టరీలో పెట్టే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై మాత్రమే. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ పరికరాలన్నీ కలిసి డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. మీ ఇన్‌స్టాలర్ ఫోన్‌లో కెమెరాలు చూపించడానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ గానీ, డీఎంజెడ్ గానీ ఆన్ చేశాడేమో చూడండి. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ప్రహరీకి ఒక తలుపు కోయడం, డీఎంజెడ్ అంటే ఆ పరికరం ముందున్న ప్రహరీ మొత్తం తీసేయడం. రెండూ తీసేసి, డీవీఆర్ కంపెనీ సొంత యాప్ ద్వారానే చూసుకోండి. అందులో డీవీఆరే లోపలి నుంచి బయటికి వెళ్లి కలుస్తుంది, తలుపు కోయనక్కర్లేదు. మీ ఫైబర్ బాక్స్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెతో మొదలైతే, కంపెనీవాళ్లు ఒకే చిరునామాను ఎంతోమందికి పంచుతున్నారని అర్థం, అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎలాగూ పనిచేయదు. అది పనిచేయడం కోసం నెలనెలా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోమని ఎవరైనా చెబితే కెమెరాల కోసం మాత్రం ఒప్పుకోకండి. పనిలో పనిగా రెండు రౌటర్లలోనూ యూపీఎన్‌పీ ఆపేయండి. లోపలి పరికరాలు మనల్ని అడగకుండా తలుపులు తెరుచుకునే వసతి అది.

వైఫై గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేదంటే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ బటన్, పిన్ వసతి ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూడటం వల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. ఇంటి వైఫై పాస్‌వర్డ్ కనీసం 14 అక్షరాలుండాలి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంటుంది, ఊహకు అందదు. ల్యాబ్ పేరు, ఫోన్ నంబరు వద్దు. రౌటర్ సెట్టింగ్స్ తెరిచే పాస్‌వర్డ్ దీనికి వేరుగా ఉండాలి. రెండు పెట్టెల్లోనూ అడ్మిన్ అని వదిలేసి ఉంటే ఈ రోజే మార్చండి. దాన్ని తెలుసుకున్నవాడు డీఎన్‌ఎస్ గడిలో తన చిరునామా రాసుకుంటే, మీరు బ్యాంకు పేరు కొట్టినా వాడు చూపించిన చోటికి పోతారు. సైట్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తే, తొందరలో దాటుకుని ముందుకు పోవద్దనేది అందుకే. వైఫై పేరు దాచిపెట్టడం, పరికరాల మ్యాక్ అడ్రస్‌లు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్లు) నమోదు చేయడం లాంటివి శ్రమే తప్ప రక్షణ కాదు. ఇప్పటి ఫోన్లు మ్యాక్ అడ్రస్‌ను తామే మార్చుకుంటాయి.

కేబుల్ కొనేటప్పుడు క్యాట్ 6, అసలు రాగిది అడగండి. సీసీఏ అని రాసి ఉంటే అల్యూమినియం మీద రాగి పూత, తక్కువ ధరకు వస్తుంది గానీ వంపుల దగ్గర విరుగుతుంది. ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా కనెక్షన్ పూర్తిగా పోకుండా వెయ్యి ఎంబీపీఎస్ నుంచి వందకు పడిపోవడం మామూలు. అందువల్ల ఎవరికీ అనుమానం రాదు, నెట్ కంపెనీని తిడుతుంటారు.

ఇక మీ తెలిసినవాళ్ల ల్యాబ్‌కు జరిగినది. ఎంత గోడ కట్టినా, రిసెప్షన్‌లో ఎవరో రెఫరల్ లెటర్ అనుకుని ఒక మెయిల్ అటాచ్‌మెంట్ తెరిస్తే చాలు. అప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది బ్యాకప్ ఒక్కటే. దాన్ని చాలాచోట్ల తప్పుగా తీస్తున్నారు. ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలే ఉండే హార్డ్‌డిస్క్ బ్యాకప్ కాదు. ఫైళ్లు లాక్ చేసే వైరస్ దాన్నీ లాక్ చేస్తుంది. పక్క కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌దీ అదే గతి. రెండు బయటి హార్డ్‌డిస్క్‌లు కొనండి. ఒకటి సోమ, బుధ, శుక్రవారాలకు, ఇంకోటి మిగతా రోజులకు. బ్యాకప్ కాగానే పీకేసి బీరువాలో పెట్టాలి. నెలకోసారి మూడో కాపీ తీసి మరో భవనంలో ఉంచండి. మేడ మీద ఇల్లు అదే కప్పు కింద ఉంది, నిప్పుకూ నీళ్లకూ రెండూ ఒకటే.

ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా దాని డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేయకండి. సగం రాసిన స్థితిలో కాపీ అయ్యి, అవసరమైన రోజున తెరుచుకోకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బ్యాకప్ మెనూ ద్వారా తీయండి, లేకపోతే అందరూ బయటికి వచ్చాక తీయండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి రోగి రిపోర్టు ఒకటి కనిపిస్తోందో లేదో చూడండి. ఈ పరీక్ష చేయని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకూడదు.

ఒకవేళ ఏదైనా కంప్యూటర్‌లో ఫైళ్ల పేర్లు మారిపోతూ, డబ్బు అడిగే నోట్ కనిపిస్తే, మొదట దాని నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. తర్వాత లోపలి రౌటర్, స్విచ్ ఉంటే అదీ, కరెంటు తీసేయండి, మిగతావి బతికే అవకాశం ఉంటుంది. ఆ కంప్యూటర్‌ను మాత్రం వెంటనే ఆపేయకండి, మెమరీలో ఆధారాలుంటాయి. తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. బ్యాకప్ డిస్క్‌ను ఆ కంగారులో దానికి తగిలించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్‌కు తెలియజేయాల్సిన గడువు, తెలిసిన దగ్గర్నుంచి ఆరు గంటలు. 2022లో వచ్చిన ఆదేశాలవి. డబ్బు కట్టినా తాళం ఇస్తారన్న హామీ లేదు. ఐరోపా దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు ఉచితంగా తాళాలు దొరుకుతాయి, ముందు అక్కడ వెతకండి. కంప్యూటర్‌ను బాగుచేసి వాడొద్దు. డిస్క్ చెరిపి, విండోస్ కొత్తగా వేసి, ఆ తర్వాతే బ్యాకప్ తెరవాలి.

ఇవన్నీ ఒకేరోజు అయ్యేవి కావు. ఈ రాత్రికి పాస్‌వర్డ్‌లు మార్చి, డీవీఆర్ కోసం తెరిచిన తలుపులు మూయండి. రేపే ఒక డిస్క్ కొని మొదటి బ్యాకప్ తీయండి. ఆదివారం ల్యాబ్ మూసే వేళ రౌటర్లు మార్చండి, రెండు మూడు గంటల పని. మార్చే ముందు పాత సెట్టింగ్‌ల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా ఫైబర్ కంపెనీ యూజర్‌నేమ్ ఉన్న పేజీ. ఫైబర్ బాక్స్‌ను రీసెట్ మాత్రం నొక్కకండి. ఆ వివరాలు చెరిగిపోతే కంపెనీ మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు.

మీ నాలుగు కంప్యూటర్లలో విండోస్ 10 ఉంటే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పట్టేవాటికి 11 వేయించండి. పట్టనిది ఉంటే బిల్లింగ్‌కు కాకుండా, బ్యాంకు లావాదేవీలు లేని పనికి మళ్లించండి. యాంటీవైరస్ విషయానికొస్తే, విండోస్ 11తో పాటే వచ్చే డిఫెండర్ ఆన్‌లో ఉండి, అప్‌డేట్లు సరిగా పడుతుంటే మీకు సరిపోతుంది. కొనాలని పక్కన పెట్టిన ఆ డబ్బుతో రెండో హార్డ్‌డిస్క్ తెచ్చుకోండి.